వదిన నాటిన నల్లదిబ్బ

మా వదిన పేరు ఒగుల్‌గెరెక్. అంటే ‘కొడుకు కావాలి’ అని. వరసగా ఆడపిల్లలే పుడుతున్న ఇంట్లో ఆఖరి పిల్లకి ఆ పేరు పెడతారు, పైవాడికి ఒకసారి గుర్తుచేసినట్టుంటుందని. పైవాడికి గుర్తొచ్చింది. మా వదిన తర్వాత ఆ ఇంట్లో మగపిల్లాడు పుట్టాడు. పని అయిపోయింది గానీ పేరు మిగిలిపోయింది. పెళ్ళైన మర్నాడు చుట్టాల్లో ఓ ముసలావిడ, వినపడనట్టు నటిస్తూ, "ఏదీ, నీ పేరు మళ్ళీ చెప్పమ్మా?" అని మూడోసారి అడిగింది. కొత్త కోడలు తలొంచుకుని మళ్ళీ "కొడుకు కావాలి" అనాల్సి వచ్చింది. "అప్పుడే ఏం తొందరమ్మా!" అంది ముసలావిడ. డేరాలో ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు.

నేను ఆమె ఆడపడుచుని, బొస్సాన్‌ని. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. నవ్వినవాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆ రోజుతో వదిన నోరు మూతపడింది. యాష్మక్ పట్టాలి గదా. మా దగ్గర కోడలు తలగుడ్డ కొంగుని పళ్ళ మధ్య బిగించి పట్టుకుంటుంది. మామగారి ముందు, బావగార్ల ముందు, అత్తగారి ముందు కూడా మాట బయటికి రాకూడదు. ఎప్పటిదాకా అంటే, పెద్దవాళ్ళు ఓ శాలువో ఓ గొర్రెపిల్లో చేతిలో పెట్టి "ఇక మాట్లాడమ్మా" అనేదాకా. కొందరు మొదటి బిడ్డ పుట్టగానే అనేస్తారు. కొందరు కోడలి జుట్టు నెరిసినా అనరు. మా నాన్న నొబాత్ రెండో రకం. ఆయనకి నిశ్శబ్దం ఇష్టం. నేనున్న ఇంట్లో అది దొరకదు కాబట్టి కోడలి దగ్గర వెతుక్కున్నాడు.

మరి ఇల్లు ఎలా నడిచేదంటారా? వదిన ఏదైనా చెప్పాలంటే నా చెవిలో గుసగుసలాడేది, నేను పైకి చెప్పేదాన్ని. నాన్న ఏదైనా చెప్పాలంటే మా ఒంటెతో చెప్పేవాడు. బావి దగ్గర మోట లాగే ఆడ ఒంటె అది, పేరు మాయా. "ఒసే మాయా, ఈ పూట రొట్టెలో ఉప్పెక్కువైందని చెప్పవే," అనేవాడు దాని మెడ గోకుతూ. పక్కనే పిండి పిసుకుతున్న వదిన వినేది. ఒంటె తన నెమరు తను వేసుకునేది.

"ఉప్పు సరిగ్గానే ఉందట నాన్నా. నీ నాలుకే అరిగిపోయిందట," అనేదాన్ని నేను, వదిన తరఫున.

వదిన అలా అనలేదని చెప్పుకోవడానికి ఆమెకి నోరేది? కొంగు కొరుకుతూ కళ్ళతోనే నన్ను నరికి పోగులు పెట్టేది.

మా ఊరంటే నాలుగిళ్ళూ ఓ బావీ. బావి పేరు ఆక్‌గుయి. మా ముత్తాత తవ్విన బావి. చుట్టుపక్కల బావుల నీళ్ళకి ఒంటెలు కూడా మూతి చిట్లిస్తాయి, మా బావి నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి. కరకుం ఎడారి ఇసుకలో తియ్యటి నీళ్ళున్నవాడికి కాస్త పొగరుంటుంది. మా నాన్న పొగరంతా ఆ బావిలోంచి తోడుకున్నదే. బావి ఓ పల్లంలో ఉంది. దానికి ఉత్తరాన, గాలి వచ్చే వైపు, పెద్ద ఇసుక దిబ్బ. దిబ్బ నిండా నల్లటి పెచ్చు.

ఆ పెచ్చుని మేం గరహర్సాంగ్ అంటాం. అది నాచే. కానీ తడిగోడ మీద నిగనిగలాడే నాచు కాదు. ఎండలో చూస్తే మాడిన రొట్టె అడుగులా ఉంటుంది, వేలితో నొక్కితే కరకరమంటుంది. పొయ్యిలో మసంతా తెచ్చి ఎవరో ఇసుక మీద దులిపిపోయారనుకుంటారు. కాపరులకి అదంటే చిరాకు. గొర్రెలు తిరగని చోట అది మందంగా పేరుకుని, పడ్డ చినుకుని పైపైనే తాగేసి, కింద గడ్డి వేళ్ళదాకా దిగనివ్వదు.

"ఈ నల్లపీడ మేతంతా మింగేస్తోంది. మందలతో తొక్కించి పొడి పొడి చెయ్యాలి," అని నాన్న రోజూ భోజనం దగ్గర తిట్టేవాడు.

వదిన వినేది. ఆమె పుట్టి పెరిగింది కాలువ పక్కన పత్తి చేలల్లో. అక్కడ మామగారు తిట్టిన కలుపుని కోడలు పీకెయ్యాలి. ఆమె ఎరిగిన కోడలిపని అదే.

ఆ ఏడు చలి మొదలవకముందు ఇంకో బావి దగ్గర పెళ్ళికి మేమంతా వెళ్ళాం. మా అన్నయ్య హొమ్మత్ మందతో దూరాన ఉన్నాడు. ఇంటి దగ్గర వదినా, కుక్కా, ఒంటే మిగిలారు. మేం తిరిగొచ్చేసరికి దిబ్బ బంగారంలా మెరుస్తోంది! గాలివైపు వాలంతా పారతో గీకి, చీపురుతో ఊడ్చి, ఆ నాచునంతా గోతాల్లో కుక్కి, ఈనిన గొర్రెల కింద పరుపుగా పనికొస్తుందని పాకలో పేర్చింది వదిన. దిబ్బ కింద నిలబడి ఉంది. చేతులు బొబ్బలు, చెక్కిళ్ళు ఎర్రగా, కొంగు పళ్ళ మధ్య, కళ్ళు మామగారి మీద. మెప్పు కోసం.

నాన్న ట్రక్కు దిగాడు. దిబ్బని చూశాడు. గొర్రెబొచ్చు టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నేరుగా ఒంటె దగ్గరికి నడిచి దాని చెవి పట్టుకున్నాడు.

"మాయా, మేతనేల మీద ఉన్నది పీడ. బావి నెత్తిన ఉన్నది కాపలా. నా బావికి కాపలా తీసేశారే," అన్నాడు.

నాలుగు తిట్టినా బాగుండేది. వదిన ముఖంలో ఎరుపు మెడలోకి దిగి, మెడలోంచి ఎక్కడికో పోయింది. ఆ ఒక్క పూట నాకు వేళాకోళం తోచలేదు.

చలికాలం తడిలో ఇసుక కదల్లేదు. వసంతంలో గాలి లేచింది. దిబ్బ పొగలు కక్కినట్టు ఇసుక కక్కింది. పొద్దున్నే లేచి చూస్తే బావి ఒర మీద మోకాలెత్తు ఇసుక. నీళ్ళు తోడాలంటే ముందు బావిని తవ్వుకోవాలి. ఇంటిల్లిపాదీ పారలు పట్టుకుని ఎత్తిపోస్తాం, సాయంత్రానికి మళ్ళీ అంతే.

పక్కింట్లో గర్లీ బాబాయి ఉండేవాడు. మంచు పడిన రోజు పుట్టాడని ఆయనకి ‘మంచువాడు’ అని పేరు పెట్టారు. మాట కూడా చల్లగానే దిగేది, ఎముకలదాకా.

"అన్నా, మీ కోడలు చీపురు భలే పడుతుందే! ఇంకో ఏడాదికి బావిని కూడా ఊడ్చేస్తుంది," అన్నాడు పార మీద గడ్డం ఆనించి. "నా మాట విను. కాలువ దగ్గర ఇళ్ళిస్తామంటోంది సర్కారు ఫారం. కరెంటుంది. కొళాయుంది. తిప్పితే నీళ్ళు!"

"చేపలు ఉచ్చపోసిన నీళ్ళు తాగమంటావా నన్ను?" అన్నాడు నాన్న.

"ఇసుక తాగడం కంటే నయమే కదా."

గొర్రెలు ఫారంవి, బావి మాది. బావి పూడిపోతే మందని ఫారం వేరే చోటికి పంపించేస్తుంది. మంద లేనిదే ఆ ఇసుకలో మనిషికేం పని? నాలుగిళ్ళూ లేచిపోవాల్సిందే. ఫారం పెద్ద కబురు పంపినప్పుడల్లా నాన్న "ఇంకో ఏడు చూద్దాం" అని తిప్పి పంపేవాడు. ఇదంతా ఎవరి చీపురు వల్ల వచ్చిందో ఊళ్ళో గొర్రెపిల్లలకి కూడా తెలుసు. వదినని ఎవరూ ఏమీ అనలేదు. మా దగ్గర అంతకంటే పెద్ద శిక్ష లేదు.

గొర్రెపిల్లలన్నాను గదా. అసలు సంగతి బయటపెట్టింది వాటిల్లో ఒకటి.

ఓ పొద్దున వదిన పాకలోంచి పరిగెత్తుకొచ్చి నా చెవి కొరికినంత పని చేసింది. "గంటమ్మా, కొత్తపిల్లకి జబ్బు చేసింది! ఆకుపచ్చగా పోస్తోంది!" అత్తింటివాళ్ళ పేర్లు కోడలు పలకకూడదు కాబట్టి నాకు గంటమ్మ అని పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో మీరే ఊహించుకోండి.

నేను గంట మోగించాను. నాన్నొచ్చాడు, గర్లీ బాబాయొచ్చాడు. పిల్లని తిరగేసి పొట్ట నొక్కారు, నాలుక చూశారు, తోక ఎత్తి ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి తర్వాత ఒకరు వాసన చూశారు. ఏమీ లేదు. కింద దించారు. అది వాళ్ళ కాళ్ళ దగ్గర నిలబడి, ఏమాత్రం మొహమాటం లేకుండా, మళ్ళీ పోసింది. ఆ తడి పడ్డ మేర పాకలో పరిచిన నల్లటి పెచ్చు కదిలింది. నిజంగా కదిలింది! పిడికిళ్ళు విప్పినట్టు విచ్చుకుని, మేం రెప్ప వేసి తీసేలోపు ఆకుపచ్చగా నవ్వింది.

ఆ నాచు అప్పటికి నెలల తరబడి గోతాల్లో పడుంది. చుక్క నీరు ఎరగదు. గడ్డకట్టే చలి పోయింది దాని మీద నుంచి. కట్టెలా ఎండి, చిటికేస్తే పొడై, ఎవరు చూసినా చచ్చిందనే అంటారు. గొర్రెపిల్ల పాటి మర్యాద చేస్తే చాలు, లేచి కూర్చుంది.

గర్లీ బాబాయి మీసం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నాన్న ఒంటె దగ్గరికి వెళ్ళాడు గానీ, ఏం చెప్పాలో తెలియక ఊరికే వచ్చేశాడు. వదిన మాత్రం ఆ పాకలో నేల మీద ముక్కు ఆనించి, పొయ్యి ఆరిపోయేదాకా అక్కడే ఉంది.

తర్వాత ఆమె చేసిన పని ఎవరైనా చేసేదే. గోతాలు దిబ్బ మీదికి మోసి, నాచుని నలిపి చల్లి, నీళ్ళు పోసింది. నడివేసవి. మిట్టమధ్యాహ్నం దానికి దాహం ఎక్కువని అప్పుడే పోసేది. పోయగానే పచ్చబడేది, వదిన కళ్ళు మెరిసేవి. ఆమె బిందె దించేలోపు మళ్ళీ నల్లబడేది. మర్నాడు మళ్ళీ పోసేది.

"మాయా, ఈ మధ్య మోట ఎక్కువ లాగుతున్నావేం? దిబ్బ కూడా మన ఇంట్లో భోంచేస్తోందా?" అన్నాడు నాన్న.

వేసవి చివరికి పచ్చబడటం ఆగిపోయింది. ముందు పసుపు, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా మట్టి. గాలొచ్చి ఊడ్చుకుపోయింది. గోతాల్లో సగం అలా ఖర్చయిపోయాయి. నెలల కరువుకి చావనిది, వదిన ప్రేమకి చచ్చింది. ఆమె తందూరు వెనక కూర్చుని ఏడుస్తుంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నేను ముట్టుకున్నదల్లా పోతోంది గంటమ్మా."

"నన్ను ముట్టుకుంటున్నావుగా రోజూ. నేనేమైనా తగ్గానా?"

ఏడుస్తూనే నన్ను ఓ గుద్దు గుద్దింది.

మా వదినలో నేను మెచ్చుకునేది ఏంటంటే, ఆమె ఏడుపు ఎక్కువసేపు నిలవదు. కన్నీళ్ళు తుడుచుకుని, మిగిలిన గోతాల మూతులు బిగించి కట్టి, ఇక చల్లడం మానేసి చూడటం మొదలుపెట్టింది. దిబ్బకి అవతల వైపు ఆమె చీపురు చేరని చోట పాత నాచు మిగిలి ఉంది. రోజూ తెల్లవారుజామున ఒంటెకి మేత వేసే నెపంతో అక్కడికెళ్ళి బోర్లా పడుకునేది. ఓ రోజు నన్నూ లాక్కెళ్ళింది. చలి పళ్ళు కొరుకుతోంది.

"చూడు, దాని మీసాలు చూడు," అంది.

చూశాను. ఒక్కో మొక్క గోరంత కూడా లేదు. ఆకులన్నీ కాడకి తలపాగాలా చుట్టుకుని ఉన్నాయి. ఒక్కో ఆకు చివర ఒక్కో తెల్లటి వెంట్రుక. ఆ వెంట్రుకల మీద మంచు ఆవగింజల్లా నిలిచింది. నిలిచి, దారం వెంట జారినట్టు ఆకులోకి జారింది. తలపాగా మెల్లగా వదులైంది. పచ్చదనం. సూర్యుడు పైకొచ్చేదాకా తీరిగ్గా అలాగే ఉండి, వేడి తగలగానే మళ్ళీ చుట్టుకుని, తెల్లమీసాలు ఎండకి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, నల్లబడిపోయింది. దానికి నీరు తాగే వేరు లేదు, దాచుకునే పొట్ట లేదు. ఎదురుగా వచ్చింది తాగుతుంది, లేకపోతే ఊరుకుంటుంది.

"ఎండాకాలమంతా ఇదేం చేస్తుందో చూశాను," అంది వదిన. "ఏమీ చెయ్యదు. అదే దాని పని."

ఆ శరదృతువులో మళ్ళీ మొదలుపెట్టింది. ముందు సజాక్ చెట్ల పుల్లలు విరిచి గాలికి అడ్డంగా దిబ్బ మీద వరసలు గుచ్చింది. వరసల మధ్య నాచుని రొట్టెపొడిలా నలిపి చల్లింది. పైన గుప్పెడు ఇసుక. అంతే. నీళ్ళు పొయ్యలేదు. తర్వాత వానజల్లు వచ్చింది, మంచు పడింది, మంచు కరిగింది. వసంతానికి ఇసుక మీద మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు కొన్ని నిలిచాయి. గర్లీ బాబాయి వంగి చూసి, "మేకలు వచ్చిపోయినట్టున్నాయే," అన్నాడు.

ఆ మరుసటి శరత్తులో మళ్ళీ చల్లింది. ఈలోగా వదినకి ఆడపిల్ల పుట్టింది. బిడ్డని వీపుకి కట్టుకుని పుల్లలు గుచ్చేది. నాన్న మనవరాలిని ఎత్తుకుని ముద్దాడాడు గానీ, కోడలితో "మాట్లాడు" అనలేదు. చుక్కలు మచ్చలయ్యాయి. మచ్చలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ కలిశాయి. బావి ఒర మీద ఇసుక మోకాలి నుంచి చీలమండకి దిగింది. ఈ సంగతి నాన్న ఎవరితోనూ అనలేదు, ఒంటెతో కూడా. కానీ పొద్దున్నే పార పట్టుకుని వచ్చి, పని లేక, పారని అటూ ఇటూ మోసి మళ్ళీ లోపల పెట్టేవాడు.

ఓ వసంతంలో నాకు పెళ్ళైంది. నేను పోవడంతో వదిన నోరు పోయింది.

సరిగ్గా అప్పుడే మా నాన్నకి కొత్త సరదా పుట్టింది. దిబ్బ మొదట్లో కంబళి పరుచుకుని టీ తాగుతూ, అడుగున మిగిలిన చల్లటి టీని నాచు మీద ఒంపేవాడు. అది విచ్చుకునేది. ఆయన పిల్లాడిలా నవ్వేవాడు. దారినపోయే ప్రతి కాపరినీ కూర్చోబెట్టి చూపించేవాడు. "చూస్తుండు... ఇదిగో! లేచింది!" ఇన్నేళ్ళు పీడ అని తిట్టినదాన్ని ఎండలు ముదిరినా రోజుకి పదిసార్లు నిద్రలేపుతున్నాడు. వదిన తందూరు దగ్గర నిలబడి చూస్తూ కొంగు నమిలేది. అన్నయ్యతో చెప్పింది. అన్నయ్య, "నాన్న నవ్వగా నువ్వెప్పుడైనా చూశావా? నవ్వనీ. ఆ నవ్వు ఆపమని నేను చెప్పాలా?" అని మందతో వెళ్ళిపోయాడు. మా అమ్మ తువాక్‌తో చెబుదామంటే ఆమె ముందూ యాష్మకే.

నేను పుట్టింటికి వచ్చింది ఆ నడివేసవిలోనే. ట్రక్కు దిగీ దిగగానే వదిన నన్ను తందూరు దగ్గరికి లాక్కుపోయి, అప్పుడే తీసిన రొట్టె విరిచి చేతిలో పెట్టి, "తిను, తిని మామకి చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా," అంది. సంగతంతా చెవిలో పోసింది. "చెబుతాలే, ముందు తిననీ," అన్నాను.

నేనొచ్చిన ట్రక్కులోనే ఫారం పెద్ద కూడా దిగాడు. పక్కన గర్లీ బాబాయి. నాన్నతో కూర్చుని మాటల్లో పడ్డారు. టీ కెటిళ్ళు ముట్టుకోకుండానే చల్లారిపోయాయి. ఫారం పెద్ద చెడ్డవాడు కాదు, చెమటలు కారుతున్నవాడు.

"నొబాత్ అన్నా, ఎన్నాళ్ళని ఇలా? బావి ఈ ఏడు బాగానే ఉంది, నిజమే. కానీ దిబ్బ మీద ఉన్నది చచ్చిన పెచ్చు. వచ్చే ఏడు పెద్ద గాలొస్తే లేచిపోతుంది. అప్పుడు మందని నేనెక్కడ పెట్టను? ట్రక్కు ఉండగానే తేల్చెయ్యి."

"చచ్చిందా?" అన్నాడు నాన్న. "లే! చూపిస్తాను."

కెటిలు తీసుకుని దిబ్బ మొదట్లో ఒంపాడు. పచ్చబడింది.

"ఇక్కడ రోజూ తడుపుతున్నావు కాబట్టి," అన్నాడు గర్లీ బాబాయి. "ఆ పైన చూపించు."

"పైనా చూపిస్తా! నువ్వు ఆ రెండోది పట్టుకురా."

ఇద్దరు ముసలాళ్ళూ చెరో కెటిలుతో మిట్టమధ్యాహ్నం దిబ్బ ఎక్కడం మొదలుపెట్టారు. ఒంపుకుంటూ, తొక్కుకుంటూ. "ఇదిగో!" "అక్కడో?" "అక్కడా ఇదిగో!" వాళ్ళ బూట్ల కింద నాచు కరకరమంటోంది. ఆ చప్పుడు తందూరుదాకా వినపడుతోంది.

వదిన నా వైపు చూసింది.

నా నోటి నిండా సెగలు కక్కే రొట్టె. మింగలేను, ఉమ్మలేను. రొట్టె ఉమ్మడం మా దగ్గర ఎంత పాపమో! నేను చేతులు ఊపుతూ "ఊ, ఊ" అన్నాను. జీవితంలో ఆ ఒక్క క్షణం ఈ గంట మోగలేదు.

వదిన కొంగు వదిలేసింది.

"మామా! ఆపు! ఎండలో తడపకు, చచ్చిపోతుంది!"

ఆ గొంతు మాలో ఎవరం ఎరగం. గుసగుసలో సన్నగా ఉండేది, బయటికొచ్చేసరికి బావిలోంచి మోట లేచినట్టు లేచింది. ఒకసారి లేచాక ఆగలేదు. "పైకెక్కకండి! మీ బూట్ల కింద నాలుగు చలికాలాల పని ఉంది! దిగండి ఇద్దరూ!"

కుక్క లేచి నిలబడింది. ఒంటె నెమరు ఆపింది. మా అమ్మ గుమ్మంలో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. దిబ్బ నడుమ నాన్న చేతిలో కెటిలు వంగినది వంగినట్టే ఉండిపోయి, టీ ధారగా ఆయన బూటులోకి దిగింది. వదినకి అప్పుడు తెలిసింది తను ఏం చేసిందో. కొంగు వెతుక్కుని నోట్లో కుక్కుకుంది, దొంగతనం చేసిన వస్తువు దాచుకున్నట్టు.

నాన్న అలవాటు కొద్దీ ఒంటె కోసం చూశాడు. అది దూరంగా ఉంది. నా కోసం చూశాడు. నేను నములుతున్నాను. ఇక తప్పక కోడలి వైపు చూశాడు. అన్నేళ్ళలో మొదటిసారి నేరుగా.

"చచ్చిపోతుందన్నావు," అన్నాడు. "అంటే ఇప్పుడు బతికుందనేగా?"

వదిన తలూపింది.

"తలూపితే ఫారంవాళ్ళకి వినపడదు. నోటితో చెప్పు."

వదిన కొంగు ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"చెప్పమ్మా. నేనే అంటున్నాను. మాట్లాడు."

ఆమె కొంగు తీసి, ఇసుక వైపు చూస్తూ చెప్పింది. "అది ఎండాకాలం పొయ్యి ఆర్పుకుని పడుకుంటుంది మామా. ఎంత ఎండైనా దాన్నేం చెయ్యలేదు, చలైనా ఏం చెయ్యలేదు. నీళ్ళు తగిలితే మాత్రం లేస్తుంది. లేచి, ఎండకి చిట్లినవన్నీ అతుక్కోవాలి, వంట మొదలెట్టాలి. దాని దగ్గరున్నది గుప్పెడు పిండే. రొట్టె కాలేలోపే ఎండ వచ్చి పొయ్యి ఆర్పేస్తుంది. పిండి పోయె, రొట్టె రాకపోయె. రోజూ అలా లేపితే ఆఖరికి పిండి అయిపోతుంది. చలికాలంలో తడి రోజంతా నిలుస్తుంది కాబట్టి తీరిగ్గా వండుకు తింటుంది. దాన్ని పడుకోనివ్వండి. చాలు."

నాన్న తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఒక్కో అడుగూ తను ఎక్కిన గుర్తుల్లోనే పెడుతూ, గాజు మీద నడిచినట్టు కిందికి దిగాడు. గర్లీ బాబాయి కూడా అవే గుర్తుల్లో కాళ్ళు పెడుతూ వెనకే దిగాడు.

"పిండి ఉందంటోంది కదా," అన్నాడు నాన్న ఫారం పెద్దతో. "మేం ఎక్కడికీ కదలం."

ఫారం పెద్ద బావి ఒర మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇసుక లేదు. తోడిన నీళ్ళు ఓ దోసెడు తాగాడు, ఇంకో దోసెడు తాగాడు. "సరే, ఉండండి. మంద ఇక్కడే ఉంటుంది," అన్నాడు. తర్వాత కాస్త మొహమాటంగా, "టీ ఏమైనా..." అన్నాడు.

టీ అంతా దిబ్బ తాగేసింది. ఇంటికొచ్చిన అతిథికి టీ లేని ఇల్లు! నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, టీ పెట్టు," అన్నాడు. ఒంటెతో కాదు.

పొయ్యి మీద నీళ్ళు మరిగేలోపు, యాష్మక్ విప్పినందుకు ఏదో ఒకటి ఇవ్వాలి గదా అని నాన్న జేబులు తడుముకుంటూ ఇల్లంతా తిరిగాడు. మా అమ్మ పెట్టె తెరిచి, పెద్ద ఎర్ర గులాబీల శాలువా తీసి ఆయన చేతిలో పడేసింది. మడతల దగ్గర రంగు వెలిసి ఉంది.

"దీని పెళ్ళైన ఏడే కొన్నాను," అంది. "నువ్వు అడుగుతావేమోనని చూస్తూ ఉన్నా."

ఆ రోజు నుంచి వదిన నోరు మళ్ళీ మూతపడలేదు. నాకే పోటీ వచ్చింది. నాన్న అప్పుడప్పుడు ఒంటె దగ్గరికి వెళ్ళి, "మాయా, కోరి తెచ్చుకున్నానే," అనేవాడు, లోపలికి వినపడేంత గట్టిగా. ఇప్పుడు వదినకి నలుగురు పిల్లలు, కోడళ్ళు కూడా వచ్చారు. కోడళ్ళకి మొదటి వారంలోనే శాలువాలు పంచేస్తుంది. "చీపురు పట్టేముందు నన్నడుగు" అన్నది వాళ్ళకి చెప్పే మొదటి మాట.

నాన్నా గర్లీ బాబాయీ టీ పోసిన చోటల్లా ఆ వేసవిలో నాచు గోధుమరంగుకి తిరిగి ఊడిపోయింది. దిబ్బ మొదటి నుంచి నడుము దాకా గుండ్రటి మచ్చలు, పక్కన బూటు గుర్తులు. వచ్చినవాళ్ళు ఇవేంటని అడిగితే నాన్న మాట మార్చేవాడు, నేను మార్చనిచ్చేదాన్ని కాదు.

ఆ ఏడు శరత్తు రాగానే ఆయన ఎవరికీ చెప్పకుండా తన గొర్రెబొచ్చు టోపీలో నాచుపొడి నింపుకుని, బోడితలతో దిబ్బ దగ్గరికి వెళ్ళి, మొదటి మచ్చ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిటికెడు తీసి జాగ్రత్తగా చల్లాడు. వెనక నుంచి అడుగుల చప్పుడు వినపడింది.

"అంత గుట్టగా పొయ్యకు మామా, పల్చగా. ఆఁ, అలా. ఇప్పుడు పైన కాస్త ఇసుక. అది ఇసుకా? పిడకంత వేశావు, తియ్యి సగం."

నాన్న సగం తీశాడు.